నాటింగ్ హిల్ కార్నివాల్: తరచుగా అడిగే ప్రశ్నలు

చదువుకోవడానికో ఉద్యోగానికో లండన్ వచ్చిన తెలుగువారు ఆగస్టు చివరి వారంలో అడిగే ప్రశ్నలే ఇక్కడ ఎక్కువగా ఉన్నాయి. "వెళ్ళవచ్చా, గొడవలు జరుగుతాయట కదా" అన్నది సాధారణంగా మొదటి ప్రశ్న. దానికి జవాబు కింద ఉంది, కానీ ఆ ఉత్సవం ఎందుకు పుట్టిందో తెలియకుండా ఆ జవాబు సరిగా అర్థం కాదు. అందుకే వరుస కొంచెం మార్చాను.

నాటింగ్ హిల్ కార్నివాల్ అంటే ఏమిటి? ఎప్పుడు జరుగుతుంది?

పశ్చిమ లండన్‌లోని నాటింగ్ హిల్, లాడ్‌బ్రోక్ గ్రోవ్, వెస్ట్‌బోర్న్ పార్క్ వీధుల్లో ఏటా ఆగస్టు చివరి సోమవారం, అంటే బ్యాంకు సెలవు రోజున, దాని ముందరి ఆదివారం నాడు జరిగే వీధి ఉత్సవం ఇది. ఆదివారం పిల్లలకూ కుటుంబాలకూ ఉద్దేశించినది, సోమవారం పెద్దల ఊరేగింపు. శనివారం సాయంత్రమే నూనె పీపాలతో చేసిన వాద్యాలు వాయించే స్టీల్ బ్యాండ్ల పోటీ జరుగుతుంది, దాన్ని పనోరమా అంటారు. ఊరేగింపు దారి దాదాపు మూడున్నర మైళ్ళు ఉంటుంది. రెండు రోజుల్లో పది లక్షల నుంచి ఇరవై లక్షల మంది వస్తారని చెబుతారు గానీ, టికెట్టూ గేటూ లేని వీధుల్లో తలలు లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు కాబట్టి ఆ సంఖ్యను అంచనాగానే తీసుకోవాలి. కోవిడ్ వల్ల 2020లోనూ 2021లోనూ వీధుల్లో జరగలేదు.

ఇది ఆఫ్రికన్ ఉత్సవమా, కరీబియన్ ఉత్సవమా?

రెండూ. ఆఫ్రికా నుంచి బానిసలుగా అట్లాంటిక్ దాటించబడిన వారి సంతతి కరీబియన్ దీవుల్లో తయారుచేసుకున్న పండుగ ఇది. ఆ సంతతిలో కొందరు 1948 జూన్ 22న టిల్బరీ రేవులో ప్రయాణికులను దించిన ఎంపైర్ విండ్‌రష్ ఓడలోనూ, ఆ తర్వాతి ఓడల్లోనూ బ్రిటన్‌కు వచ్చి, దాన్ని తమతో తెచ్చుకున్నారు. అంటే రెండు సముద్రయానాల చరిత్ర అందులో ఉంది. మొదటిది బలవంతంగా జరిగింది, రెండోది బతుకుతెరువు కోసం. ఊరేగింపులో ఆరడుగుల కొయ్యకాళ్ళ మీద నడిచే మోకో జంబీ వేషం పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిందే.

ఇంత పాత పండుగకు సామాజిక స్పృహ ఎక్కడి నుంచి వచ్చింది?

అది తర్వాత అతికించిన వస్తువు కాదు. 1783లో స్పెయిన్ రాజు ఇచ్చిన ఒక ఉత్తర్వు వల్ల ఫ్రెంచి తోటల యజమానులు తమ బానిసలతో సహా కరీబియన్ దీవి ట్రినిడాడ్‌కు వలస వచ్చి, ఈస్టర్‌కు ముందరి క్రైస్తవ ఉపవాసకాలం మొదలయ్యే ముందు ముసుగు విందులు జరుపుకునేవారు. బానిసలకు ఆ విందుల్లో చోటు లేదు. 1834లో చట్టరీత్యా, 1838లో పూర్తిగా విముక్తి వచ్చాక, విముక్తులైన వారు వీధుల్లోకి వచ్చి తమ పద్ధతిలో ఊరేగడం మొదలుపెట్టారు. చెరకు తోటలు అంటుకున్నప్పుడు కొరడా దెబ్బలతో తమను మంటలార్పడానికి తోలుకుపోయిన జ్ఞాపకాన్ని, కాగడాలతో, డోళ్ళతో వారు మళ్ళీ ఆడి చూపించేవారు. "కాల్చిన చెరకు" అనే అర్థమున్న ఫ్రెంచి మాటల నుంచి దానికి కాన్‌బూలే అనే పేరు వచ్చింది.

ఆ కాగడాలు బ్రిటిష్ వలస పాలకులకు కంటగింపయ్యాయి. 1881లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో కెప్టెన్ బేకర్ అనే పోలీసు అధికారి వాటిని ఆపబోగా జనం ఎదురు తిరిగారు. 1884లో కార్నివాల్ డోళ్ళ మీద నిషేధం వచ్చింది. డోలు పోతే వెదురు బొంగుల్ని నేలకేసి కొట్టి దరువు పుట్టించారు, వెదురు తర్వాత బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, చివరికి నూనె పీపాలు వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దంలో పుట్టిన స్టీల్ పాన్ అనే వాద్యానికి వంశవృక్షం గీస్తే దాని మొదట్లో ఒక నిషేధపు ఉత్తర్వు ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 2023లో ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్ పాన్ దినంగా ప్రకటించింది.

లండన్‌లో దీన్ని మొదట ఎవరు, ఎందుకు జరిపారు?

క్లాడియా జోన్స్ అనే పత్రికా సంపాదకురాలు. ఆమె 1915లో ట్రినిడాడ్‌లో పుట్టి, చిన్నప్పుడే న్యూయార్క్‌లోని తల్లిదండ్రుల దగ్గరికి చేరి, అక్కడి కమ్యూనిస్టు పార్టీలో నాయకురాలై, ఆ కారణంగానే జైలు అనుభవించి, 1955 డిసెంబరులో దేశ బహిష్కారానికి గురై లండన్ వచ్చారు. 1958 మార్చిలో బ్రిక్స్‌టన్‌లో ఒక రికార్డుల దుకాణం పైఅంతస్తు నుంచి వెస్ట్ ఇండియన్ గెజెట్ అనే పత్రిక మొదలుపెట్టారు.

ఆ ఏడాది ఆగస్టు చివర్లో నాటింగ్ హిల్ తగలబడింది. అప్పుడు ఆ పేట అద్దె గదుల బస్తీ. నల్లవారికి ఇల్లిచ్చే యజమానులే తక్కువ, ఇచ్చేవారిలో పీటర్ రాక్‌మన్ లాంటివారు కిరాయి పేరుతో పిండుకునేవారు. తెల్ల కుర్రాళ్ళ గుంపులు ఇనుప కడ్డీలు, సీసాలు పట్టుకుని కరీబియన్ కుటుంబాల ఇళ్ళ మీద రోజుల తరబడి దాడులు చేశాయి. తొమ్మిదిమంది తెల్ల యువకులకు నాలుగేళ్ళ చొప్పున శిక్ష పడింది. తమను తాము కాపాడుకోవడానికి తిరగబడ్డ నల్ల యువకుల మీద కూడా కేసులు పడ్డాయి.

అల్లర్లు జరిగిన అయిదు నెలలకు, 1959 జనవరి 30న, సెయింట్ పాంక్రాస్ టౌన్ హాల్లో క్లాడియా జోన్స్ కరీబియన్ కార్నివాల్ జరిపించారు. ట్రినిడాడ్ కార్నివాల్ కాలానికి దగ్గరగా ఉండాలని జనవరి పెట్టారు, చలి కాబట్టి నాలుగు గోడల మధ్య పెట్టారు. ఎడ్రిక్ కానర్ దర్శకత్వం వహించారు, క్లియో లేన్ పాడారు, బీబీసీ టెలివిజన్‌లో చూపించింది. అందాల పోటీ కూడా జరిగింది. నల్లటి చర్మాన్ని చూసి అద్దె గది తలుపులు మూసేసే నగరంలో నల్ల అమ్మాయికి కిరీటం పెట్టడం ఆ రోజున చిన్న విషయం కాదు.

ఆనాటి కార్యక్రమ పుస్తకంలో ఒక వాక్యం ఉంది. పుస్తకం అమ్మకం మీద వచ్చే డబ్బులో కొంత భాగం నాటింగ్ హిల్ ఘటనల్లో చిక్కుకున్న నల్ల, తెల్ల యువకుల జరిమానాలు కట్టడానికి వెళుతుందని అందులో అచ్చు వేశారు. "నల్ల, తెల్ల" అన్న ఆ రెండు మాటలు చదివి నేను చాలాసేపు ఆగిపోయాను. దెబ్బలు తిన్న పక్షం వారు రెండు పక్షాల పిల్లల జరిమానాల కోసం పాటకచేరీ పెట్టారు. ప్రజల కళే వారి స్వేచ్ఛకు మూలమన్న అర్థం వచ్చే మాట కూడా ఆ పుస్తకంలోనే ఉంది, దాన్నే అందరూ ఉదహరిస్తారు. నాకు మాత్రం ఆ జరిమానాల వాక్యమే గట్టిది.

ఆమె 1964 వరకు వేర్వేరు హాళ్ళలో వీటిని జరిపించి, ఆ ఏడాది డిసెంబరు 24న మరణించారు. హైగేట్ శ్మశానంలో కార్ల్ మార్క్స్ సమాధికి ఎడమపక్కన ఆమె సమాధి ఉంది.

కెల్సో కాక్రేన్ పేరు తరచుగా వినిపిస్తుంది. ఆయన ఎవరు?

ఆంటిగ్వా నుంచి వచ్చిన వడ్రంగి. 1959 మే 17న, అంటే మొదటి కార్నివాల్ జరిగిన నాలుగు నెలల లోపే, సౌతామ్ వీధిలో తెల్ల యువకుల గుంపు ఆయన్ను పొడిచి చంపింది. వయస్సు 32. ఆయన అంత్యక్రియలకు 1,200 మందికి పైగా వచ్చారు, ఇప్పటికీ ఎవరికీ శిక్ష పడలేదు. అదే ఏడాది సాధారణ ఎన్నికల్లో ఫాసిస్టు నాయకుడు ఆస్వాల్డ్ మోస్లీ ఇదే నార్త్ కెన్సింగ్టన్ నుంచి పోటీ చేసి ధరావతు పోగొట్టుకున్నాడు. ఇప్పటి ఊరేగింపు ఈ వీధుల దగ్గర్లోనే నడుస్తుంది.

అసలు మొదలుపెట్టింది క్లాడియా జోన్స్ కాదనీ, రోన్ లాస్లెట్ అనీ అంటారు. ఏది నిజం?

హాల్లో జరిపింది జోన్స్, వీధిలోకి తెచ్చింది లాస్లెట్. రోన్ లాస్లెట్ టావిస్టాక్ క్రెసెంట్‌లో ఉంటూ ఇరుగుపొరుగు వారికి అద్దె తగాదాల్లో, చట్టపరమైన చిక్కుల్లో సాయపడిన సామాజిక కార్యకర్త. తల్లి అమెరికన్ ఆదివాసి, తండ్రి రష్యన్, పుట్టింది లండన్‌లో. 1966లో ఆమె పేటలోని అందరికీ, ఐరిష్, ఉక్రేనియన్, ఆఫ్రికన్, కరీబియన్ అన్న తేడా లేకుండా, పిల్లల కోసం ఒక వీధి సంబరం తలపెట్టారు. ఎర్ల్స్ కోర్టు పబ్బులో వారం వారం వాయించే రసెల్ హెండర్సన్ బృందాన్ని పిలిచారు. అందులో స్టెర్లింగ్ బెటన్‌కోర్ట్ 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ కోసం ట్రినిడాడ్ స్టీల్ బృందంతో వచ్చి ఇక్కడే ఉండిపోయినవారు. నిలబడి వాయిస్తుంటే సంబరం చప్పగా ఉందనిపించి, హెండర్సన్ బృందం పాన్లను మెడలకు తగిలించుకుని వీధి వెంట నడిచింది. వంటింట్లో పని చేసుకుంటున్న కరీబియన్ ఆడవాళ్ళు తమ ఊరి దరువు విని, తలుపులు తీసుకుని బయటికొచ్చి వెంట నడిచారు. దారి ఎవరూ ముందుగా గీయలేదు.

ఈ వివాదం ఏటా ఆగస్టులో కొత్తగా రాజుకుంటుంది. కానీ జోన్స్ లేకుండా లాస్లెట్ లేదు అని చెప్పేవారికీ, ఇద్దరికీ సంబంధమే లేదు అనేవారికీ చెరో సగం నిజం దక్కుతుంది. ఇద్దరూ ఒకే పేట గాయాన్ని చూసే పని మొదలుపెట్టారు.

ఇప్పుడున్న రూపం ఎప్పుడు వచ్చింది?

1973లో ట్రినిడాడ్‌కు చెందిన యువ ఉపాధ్యాయుడు లెస్లీ పామర్ నిర్వహణ చేపట్టిన తర్వాత. వేషధారుల బృందాలు, స్టీల్ బ్యాండ్లు ఉన్న ట్రినిడాడ్ పద్ధతికి ఆయన జమైకా వారి సౌండ్ సిస్టమ్‌లను, అంటే స్పీకర్ల గోడ కట్టి రికార్డులు వినిపించే బృందాలను, కలిపారు. వీధుల్లో జనరేటర్లు పెట్టించారు, దారిని పొడిగించారు. బ్రిటన్‌లో పుట్టిన నల్ల యువతరం రెగే అనే జమైకా సంగీతం వింటోంది, తల్లిదండ్రులు వినే ట్రినిడాడ్ కాలిప్సో పాటలు వారికి పాతబడ్డాయి. ఆ యువతరానికి కార్నివాల్‌లో చోటిచ్చింది ఈ మార్పే. 1975 నాటికి జనం లక్షన్నరకు చేరారు.

ఇదంతా ఆల్ సెయింట్స్ రోడ్డులోని మాంగ్రోవ్ అనే రెస్టారెంటు చుట్టూ అల్లుకుంది. 1968లో ఫ్రాంక్ క్రిచ్‌లో దాన్ని తెరిచారు. 1969 జనవరి నుంచి 1970 జూలై లోపల పోలీసులు పన్నెండుసార్లు సోదా చేశారు. 1970 ఆగస్టు 9న నిరసన ఊరేగింపు తీసినందుకు తొమ్మిదిమంది మీద అల్లర్ల కేసు పెట్టారు. 55 రోజుల విచారణ తర్వాత ఆ అభియోగం నుంచి అందరూ బయటపడ్డారు. రెండు పక్షాల్లోనూ జాతి ద్వేషం ఉన్నట్టు సాక్ష్యం ఉందని న్యాయమూర్తి అన్నారు, అంటే పోలీసుల్లో కూడా ఉందని ఒక బ్రిటిష్ కోర్టు ఒప్పుకున్నట్టయింది. మాంగ్రోవ్ పేరుతో స్టీల్ బ్యాండ్ ఈనాటికీ ఉంది.

1976లో ఏం జరిగింది?

కార్నివాల్ గురించి బ్రిటిష్ వార్తాపత్రికలు అర్ధశతాబ్దంగా రాస్తున్న తీరుకు అచ్చు ఇక్కడ పడింది. ఆగస్టు 30, సోమవారం. ముందరి ఏళ్ళకంటే ఎన్నో రెట్లుగా 3,000 మంది పోలీసులను దింపారు. జేబుదొంగ అనే అనుమానంతో ఒకరిని పోర్టోబెల్లో రోడ్డు దగ్గర పట్టుకోబోగా చుట్టూ ఉన్న యువకులు అడ్డుపడ్డారు, అది రాళ్ళ వర్షంగా మారింది, వందమందికి పైగా పోలీసులు ఆసుపత్రి పాలయ్యారు. ఆ కోపం ఒక్కరోజుది కాదు. 1824 నాటి దేశదిమ్మరుల చట్టంలోని ఒక క్లాజును పట్టుకుని, నేరం చేయబోతున్నట్టు కనిపించారన్న సాకుతో నల్ల కుర్రాళ్ళను వీధిలో ఆపి అరెస్టు చేసే పద్ధతి నడుస్తున్న కాలం అది. దాన్ని సస్ చట్టం అనేవారు. 1981లో ఆ క్లాజు రద్దయింది.

అప్పటి నుంచి కార్నివాల్‌ను హైడ్ పార్కుకో స్టేడియానికో తరలించాలన్న ప్రతిపాదన మళ్ళీ మళ్ళీ వస్తూనే ఉంది. నిర్వాహకులు ప్రతిసారీ కాదంటారు. కంచె వేసిన మైదానంలో జరిగేది కచేరీ. తమను తరిమిన వీధిలోనే నడవడం కార్నివాల్, దాన్ని అక్కడి నుంచి కదిపితే పేరు మిగులుతుంది గానీ పని మిగలదు.

మరి ఇప్పుడు వెళ్ళడం ప్రమాదమా?

జాగ్రత్త అవసరం, భయం అవసరం లేదు. 2024లో కార్నివాల్ రోజుల్లో జరిగిన దాడుల్లో ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు, ఆ విషయాన్ని దాచి ఉత్సవాన్ని పొగడడం తప్పు. అరెస్టులూ ఏటా ఉంటాయి. అయితే లక్షల మంది ఒకేచోట చేరినప్పుడు వచ్చే అసలు ప్రమాదం తొక్కిసలాట. ఇరుకు కూడళ్ళలో జనం గడ్డకట్టడం గురించి పోలీసులూ నిర్వాహకులూ ఇద్దరూ ఆందోళన వెలిబుచ్చారు. 2025లో భద్రతా సమీక్ష సూచనల అమలుకు లండన్ నగర పాలక సంస్థ, కెన్సింగ్టన్, వెస్ట్‌మిన్‌స్టర్ కౌన్సిళ్ళు కలిసి దాదాపు పది లక్షల పౌండ్లు ఇచ్చాయి. రోజుకు దాదాపు 7,000 మంది పోలీసులు విధుల్లో ఉంటారు. ఇతర పెద్ద జనసమ్మర్దాల్లో జరిగే నేరాలను ఆ జనం చర్మపు రంగుతో కలిపి రాయరు, ఇక్కడ మాత్రం రాస్తారు. తేడా తెలుసుకుని చదవండి.

మాస్ అంటే ఏమిటి? ఈకలు, పూసలు, చాలీచాలని దుస్తులు, ఇందులో సామాజిక స్పృహ ఎక్కడుంది?

మాస్ అంటే వేషం కట్టడం, మాస్కరేడ్ అన్న మాటకు పొట్టి రూపం. వేషాలు తయారయ్యే చోటును మాస్ క్యాంప్ అంటారు. ఈ ప్రశ్న వేసేవారిని ఊరేగింపుకంటే ముందు ఒక మాస్ క్యాంపుకు తీసుకెళ్ళాలనిపిస్తుంది. జూలై చివరి రోజుల్లో ఒక క్యాంపు చూశాను. పొడవాటి బల్ల, దాని మీద వేడి జిగురు తుపాకులు, కత్తిరించిన స్పాంజి, తీగ చుట్టలు. పగలు బస్సు నడిపే పెద్దాయన రాత్రి పదింటికి కూర్చుని పల్చటి ఇనుప తీగను చేత్తో వంచి రెక్క ఆకారం తెస్తున్నారు, తీగకు తీగ కలిసిన ప్రతిచోటా టేపు చుడుతున్నారు, లేకపోతే అది వేసుకున్న పిల్ల భుజం గీసుకుపోతుందట. పక్కనే పన్నెండేళ్ళ అమ్మాయి ఈకలను పొడవును బట్టి మూడు గుట్టలుగా వేరుచేస్తోంది. ఎవరికీ కూలి లేదు. బడి సెలవుల్లో ఈ పిల్లలు మరెక్కడ ఉండేవారో ఆలోచిస్తే, సామాజిక స్పృహ అన్న పెద్దమాట దేని గురించో తెలుస్తుంది.

హార్ల్స్‌డెన్‌లో క్లారీ సాలండీ నడిపే మహోగనీ లాంటి సంస్థలు బానిసత్వం, వాతావరణ మార్పు, వలస వంటి విషయాలను వేషాల్లో చూపిస్తాయి. ప్రతి బృందానికీ ఏటా ఒక ఇతివృత్తం ఉంటుంది. పూసల బికినీల బృందాలు పెరిగాయనీ పాత కథావేషాలు తగ్గాయనీ పెద్దతరం వారు బాధపడతారు, ఆ బాధలో కొంత న్యాయం ఉంది. కానీ ఒళ్ళు మీద యజమానికి హక్కున్న కాలం నుంచి వచ్చిన ఆడవాళ్ళు వీధిలో తమ ఇష్టప్రకారం ఆడడాన్ని అశ్లీలమని తేల్చేయడానికి ముందు కాస్త ఆగడం మంచిది. 1880లలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ దొరలూ ఇదే మాట అన్నారు.

స్టీల్ పాన్ ఎలా తయారవుతుంది?

సుమారు 200 లీటర్ల నూనె పీపా అడుగు భాగాన్ని సుత్తితో కొట్టి కొట్టి గిన్నెలా లోపలికి దించుతారు. ఉలి లాంటి పనిముట్టుతో స్వరాల హద్దులు గీసి, నిప్పు మీద కాల్చి, చల్లారాక చిన్న సుత్తితో ఒక్కొక్క స్వరాన్ని పలికిస్తారు. చిన్న గడి పైస్వరం, పెద్ద గడి కిందిస్వరం. టెనార్ పాన్‌కు పీపా అంచును పొట్టిగా కోస్తారు, బేస్ పాన్‌కు నిండు పీపాలే వాడతారు, ఒక్క వాద్యకారుడి చుట్టూ ఆరు నుంచి తొమ్మిది ఉంటాయి. వాయించే పుల్లలకు కొసన రబ్బరు చుడతారు. పనోరమాలో పదుల సంఖ్యలో వాద్యకారులు కాగితం చూడకుండా, విని నేర్చుకున్న పాటను ఏకధాటిగా వాయిస్తారు. శనివారం సాయంత్రం ఖాళీగా ఉంటే ఊరేగింపు మానుకునైనా అది వినండి.

సౌండ్ సిస్టమ్ అంటే డీజే బాక్సులేనా?

కాదు. స్పీకర్ల గోడ కట్టి, సొంతంగా యాంప్లిఫయర్లు చేసుకుని, సొంత రికార్డులు సంపాదించి, మైకు మీద మాట్లాడుతూ నడిపే కూటమిని సౌండ్ సిస్టమ్ అంటారు. 1940ల చివర, 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేదపేటల్లో పుట్టింది. బ్రిటన్‌లో మొదటిదాన్ని 1955లో డ్యూక్ విన్ లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో మొదలుపెట్టారు. నల్లవారిని క్లబ్బుల్లోకి రానివ్వని రోజుల్లో ఇంటి బేస్‌మెంటే వారి క్లబ్బు. ఇప్పుడు కార్నివాల్‌లో ముప్పై అయిదుకు పైగా సౌండ్ సిస్టమ్‌లు తమ తమ మూలల్లో నిలుస్తాయి, సాయంత్రం ఏడింటికి ఆపేయాలి.

మధ్యాహ్నం మూడింటికి అంతా ఎందుకు ఆగిపోతుంది?

2017 జూన్ 14న ఇదే నార్త్ కెన్సింగ్టన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయారు. మృతుల్లో ఎక్కువమంది వలస కుటుంబాలవారు. మంటలు పాకడానికి ముఖ్య కారణం గోడలకు బయట తొడిగిన మండే పలకలని విచారణలో తేలింది. ఆ ఆగస్టులో కార్నివాల్ రెండు రోజులూ మూడింటికి ఒక నిమిషం మౌనం పాటించింది. తర్వాతి ఏళ్ళలో అది 72 సెకన్లయింది, మనిషికొక సెకను. అంత శబ్దం ఒక్కసారిగా తెగినప్పుడు జెండాకర్రకు గుడ్డ తగిలే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఆకుపచ్చ కండువాలు, ఆకుపచ్చ హృదయం గుర్తులు కనిపిస్తే అవి గ్రెన్‌ఫెల్ కోసమే.

ఖర్చు ఎవరు భరిస్తారు? లాభం ఎవరికి?

ప్రవేశం ఉచితం. ప్రజాధనం, కళల నిధులు, స్పాన్సర్లు, వేషధారుల చందాలు కలిసి నడుస్తుంది. 2018 నుంచి నాటింగ్ హిల్ కార్నివాల్ లిమిటెడ్ నిర్వహిస్తోంది. 2000ల తొలినాళ్ళలో లండన్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ వేసిన లెక్కలో ఏటా 9.3 కోట్ల పౌండ్లు నగరానికి వస్తున్నాయని తేలింది. హోటళ్ళు, రైళ్ళు, మద్యం కంపెనీలు తమ వాటా తీసుకుంటాయి. స్టీల్ బ్యాండ్లు మాత్రం అభ్యాసానికి గది అద్దె కోసం వెతుక్కుంటాయి.

ఒకప్పుడు ఒక్కో గదిలో ఒక్కో కుటుంబం ఇరుక్కున్న ఆ తెల్లసున్నపు ఇళ్ళు ఇప్పుడు లక్షల పౌండ్లు పలుకుతున్నాయి. కార్నివాల్ వారానికి వాటి యజమానులు కిటికీలకూ గుమ్మాలకూ ప్లైవుడ్ పలకలు బిగించి ఊరు విడిచి వెళ్ళిపోతారు. శబ్దం గురించి ఫిర్యాదు చేసే హక్కు ఎవరికైనా ఉంటుంది. కానీ వారిలో చాలామంది ఆ వీధికి కార్నివాల్ తర్వాత వచ్చినవారు.

భారతీయులకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. క్లాడియా జోన్స్ పత్రిక పేరులో తర్వాత "ఆఫ్రో-ఏషియన్ కరీబియన్ న్యూస్" అన్న మాటలు చేరాయి. దాని నిర్వహణలో ఆమెతో పనిచేసిన అభిమన్యు మన్‌చందా భారతీయ కమ్యూనిస్టు.

ఇంకా వెనక్కి వెళితే, 1845 నుంచి 1917 వరకు సుమారు 1,44,000 మంది భారతీయ ఒప్పంద కూలీలు ట్రినిడాడ్ చెరకు తోటలకు వెళ్ళారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్ళిన భోజ్‌పురీలు, మద్రాసు రేవు నుంచి వెళ్ళిన కొద్దిమందిలో తమిళులతోపాటు తెలుగువారూ ఉన్నారు. వారంతా అక్కడ పీర్ల పండుగ జరుపుకునేవారు, దాన్ని హోసే అంటారు. హిందువులూ ముస్లింలూ కలిసి ఎత్తే ఆ ఊరేగింపులో ఆఫ్రికన్లు కూడా డోళ్ళు వాయించేవారు. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండోలో ఆ ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరపగా పలువురు చనిపోయారు. కాన్‌బూలే డోళ్ళను నిషేధించిన సంవత్సరమే అది. ఆఫ్రికన్ డోలూ భారతీయ డోలూ ఒకే ఏడాది ఒకే పాలకుల చేత దెబ్బతిన్నాయి. తర్వాత 1970లలో లార్డ్ షార్టీ అనే గాయకుడు కాలిప్సోలో భారతీయ తాళాలను కలిపి సోకా అనే సంగీతాన్ని రూపొందించారు. లారీల మీద హోరెత్తే ఆ సంగీతంలో మీ పాదం తనంతట తాను కదిలితే ఆశ్చర్యపోనక్కర్లేదు.

హైదరాబాదు వారికి మరో దగ్గర బంధువు ఉంది, మర్ఫా. ఏసీ గార్డ్స్ అన్న పేట పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చింది. ఆ దళం 1948లో సంస్థానం విలీనమయ్యాక రద్దయింది. ఆఫ్రికన్ సంతతికి చెందిన ఆ సిద్దీ కుటుంబాలవారు పెళ్ళిళ్ళ బారాత్‌లలో వాయించే దరువును మనం మర్ఫా అని పిలుస్తూ, దాని వెనకున్న సముద్రయానం మాట మరిచిపోయాం.

ఇలాంటి ఉత్సవాలు మరెక్కడైనా ఉన్నాయా?

ఉన్నాయి. బ్రెజిల్‌లోని సాల్వడోర్‌లో 1974 నవంబరు 1న ఇలె ఐయె అనే బృందం పుట్టింది. నగరం నల్లవారితో నిండి ఉన్నా కార్నివాల్ బృందాలు వారిని చేర్చుకోకపోవడంతో, నల్లవారే సభ్యులుగా అది 1975లో వీధికెక్కింది. సైనిక నియంతృత్వ కాలంలో పత్రికలు దాన్నే జాతివాదమని తిట్టాయి. అక్కడ నల్ల సౌందర్య రాత్రి జరుగుతుంది, పిల్లలకు బడి నడుస్తుంది. 1966లో డకార్‌లో, 1977లో లాగోస్‌లో జరిగిన ఖండాంతర కళా ఉత్సవాలు వేరే రకం, ప్రభుత్వాలు జరిపినవి. నాటింగ్ హిల్, ఇలె ఐయె పేటల్లోంచి పైకి వచ్చినవి.

మొదటిసారి వెళ్ళేవారు ఏం తెలుసుకోవాలి?

పిల్లలతో అయితే ఆదివారం పొద్దున్నే వెళ్ళి మధ్యాహ్నం మూడు దాటాక బయటపడండి. లాడ్‌బ్రోక్ గ్రోవ్ స్టేషన్ ఆ రెండు రోజులూ మూసి ఉంటుంది, చుట్టుపక్కల స్టేషన్లలోనూ ఆంక్షలుంటాయి, కాబట్టి ఒక మైలు నడక ఖాయం. ఆదివారం తెల్లవారుజామున జరిగే జూవే అనే సంబరంలో రంగుపొడులు, కరిగిన చాక్లెట్ మీద పడతాయి, పాత బట్టలు వేసుకోండి. చంటిపిల్లల చెవులకు మఫ్‌లు తప్పనిసరి. మసాలా పట్టించి కాల్చే జెర్క్ చికెన్ వరుసలో నిలబడితే అరగంట పడుతుంది, కాల్చిన మొక్కజొన్న త్వరగా దొరుకుతుంది. మరుగుదొడ్డి ఎక్కడ కనబడితే అక్కడే వాడుకోండి, తర్వాతి దాని కోసం చూడవద్దు. వేషం వేసుకున్నవారిని ఫొటో తీసే ముందు చేత్తో సైగ చేసి అడగండి, దాదాపు అందరూ నిలబడతారు. తాడు లోపల నడిచే బృందంలోకి చొరబడవద్దు, ఆ వేషానికి వారు డబ్బు కట్టారు, నెలల తరబడి కుట్టుకున్నారు.

మూడింటికి పాట ఆగితే సాంకేతిక లోపమనుకుని పక్కవారిని అడగకండి. ఫోను జేబులో పెట్టి 72 లెక్కపెట్టండి.